మార్గశిర బహుళాష్టమి

2021 డిసెంబరు 3, శుక్రవారం

జవాద్ తుపాను మన ఉత్తరాంధ్ర వైపే వస్తోందని టీవీలో పొద్దుటినుంచీ హెచ్చరికలు. బడులకు సెలవు ఇచ్చేశారు. రైళ్లు చాలా రద్దయ్యాయి. కొబ్బరితోటల వాళ్లు తిత్లీ తుపాను దెబ్బనే ఇంకా మరిచిపోలేదు. మూడేళ్ల కిందట పెట్టిన మొక్కలు కాపుకు రానే లేదు, మళ్లీ ఇదొకటి. చీకటి పడకముందే కరెంటు తీసేశారు. లాంతరు పెట్టుకుని రాస్తున్నాను.

ఈ ఏడు క్యాలెండరు 1971 క్యాలెండరుతో అచ్చంగా సరిపోతోంది. ఆ ఏడూ డిసెంబరు 3 శుక్రవారమే. ఆ సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పడమటి సరిహద్దు దగ్గరి మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేశాయి. రాత్రికి యుద్ధం మొదలైందని పంచాయతీ రేడియోలో విని నాన్న ఇంటికొచ్చి చెప్పాడు. అప్పటికి ఊళ్లో కరెంటు ఉన్న ఇళ్లు తక్కువ. లాంతరు గాజుకు కాగితం చుట్టి గూట్లో పెట్టాం. నాకు పదమూడేళ్లు. యుద్ధమంటే భయం కన్నా ఉత్సాహమే ఎక్కువ, మా అన్నయ్య నేవీలో ఉన్నాడన్న గర్వం ఒకటి.

అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "ఆడి ఓడ బొంబాయిలోనే ఉందా, ఎల్లిపోనాదా?"

నాన్న దగ్గర జవాబు లేదు. మా దగ్గరున్నదల్లా ఒక అడ్రసు. ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, బొంబాయి. ఓడ ఎక్కడున్నా ఉత్తరానికి అదే అడ్రసు. ఇన్‌లాండు కవరు మీద దాన్ని గుండ్రటి అక్షరాలతో రాసే పని నాది.

డిసెంబరు 4, శనివారం

గాలి తగ్గింది. తుపాను బలహీనపడి పూరీ వైపు మళ్లిందన్నారు. మబ్బు అలాగే ఉంది గానీ గండం గడిచినట్టే.

ఇవాళ నేవీ డే. 1971లో ఈ రాత్రే మన క్షిపణి పడవలు కరాచీ మీద దాడి చేశాయి. అంతకు ముందు రాత్రి విశాఖ బయట ఘాజీ మునిగింది. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి అది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల మునిగిందని మనవాళ్లు, లోపలి పేలుడు వల్లనో తన మైను తనకే తగిలో మునిగిందని వాళ్లు. ఏదైతేనేం, తొంభై మందికి పైగా మనుషులు దానిలో ఉండిపోయారు. ఆర్.కె. బీచిలో 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర ఏటా ఈ రోజు పుష్పగుచ్ఛాలు పెడతారు. గాజువాకలో తమ్ముడింటికి వెళ్లినప్పుడల్లా అక్కడికి వెళ్లి కాసేపు నిలబడతాను.

ఘాజీ మునిగిందన్న వార్త వచ్చిన రోజు ఊళ్లో కేకలు, ఈలలు. అమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. ఆ కేకలేమిటో తెలుసుకుని, "ఆళ్లకీ అమ్మలుంటారు కదే" అంది. అప్పటికి మా ఇంటికి ఏ కబురూ రాలేదు. కొడుకు పోయాక వచ్చిన జ్ఞానం కాదది, ముందే ఉన్నది. అందుకని రాసుకుంటున్నాను.

డిసెంబరు 9, గురువారం

మార్గశిరంలో మొదటి లక్ష్మివారం. ఇల్లు కడిగి, ముగ్గు పెట్టి, పులగం వండి నైవేద్యం పెట్టాను. 1971లోనూ ఈ తేదీ లక్ష్మివారమే, మాసంలో మూడోది. మూడో వారానికి అప్పాలూ పరమాన్నమూ. ఆ రోజు అమ్మ అప్పాలు చేసి, పెద్దవి నాలుగు డబ్బాలో దాచింది. సెలవు మీద ఎప్పుడొస్తాడో తెలియని కొడుక్కి దాచడం ఆమె అలవాటు. అవి బూజు పట్టేదాకా ఉండేవి, తర్వాత ఆవుకు పెట్టేది.

ఆ రాత్రే ఖుక్రీ మునిగింది. యాభై ఏళ్లు నిండాయి. ఇన్నేళ్లలో చదివినవీ, విన్నవీ, తెలుసుకున్నవీ ఒకచోట రాసిపెట్టుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఇవాళ రాస్తాను.

ఖుక్రీ ఇంగ్లండులో కట్టిన ఫ్రిగేటు. 1958లో మన నౌకాదళంలో చేరింది. జలాంతర్గాములను వెతికి కొట్టడం దాని పని. కృపాణ్, కుఠార్ దాని తోటివి. యుద్ధం మొదలయ్యాక డయ్యూ దగ్గర సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఒకటి తిరుగుతోందని మనవాళ్లకు రేడియో సంకేతాల వల్ల తెలిసింది. దాన్ని పట్టడానికి ఖుక్రీనీ కృపాణ్‌నూ పంపారు. ఆ జలాంతర్గామి పేరు హంగోర్. ఫ్రాన్సులో కట్టిన డఫ్నే తరగతిది, కొత్తది. దాని చెవి మన ఓడల చెవి కన్నా చాలా దూరం వినగలదు. మనవాళ్లు దాన్ని కనిపెట్టేలోపే అది మనవాళ్లను కనిపెట్టి, దారి లెక్కగట్టి, కాచుకుని కూర్చుంది. ఖుక్రీ మీద ఒక యువ అధికారి సోనార్ అనే ఆ చెవి మరింత దూరం వినేలా చేయడానికి ఒక పరికరంతో ప్రయోగం చేస్తున్నాడు. ఆ ప్రయోగానికి ఓడ వేగం తగ్గించాలి. జలాంతర్గామి తిరిగే నీళ్లలో నెమ్మదిగా పోవడమంటే ఎంత ప్రమాదమో నౌకాదళంలో అందరికీ తెలుసు. తెలిసే చేశారు, లేకపోతే అసలు వినపడదు కాబట్టి.

దీని మీద ఎంతోమంది ఎన్నో రాశారు. కెప్టెన్ తప్పన్నవాళ్లున్నారు, కాదన్నవాళ్లున్నారు. నేను సోషల్ టీచరుగా పనిచేశాను, యుద్ధతంత్రం నాకు తెలియదు. ఒక్కటి మాత్రం అర్థమైంది. వేటకు పంపిన ఓడ కన్నా వేటాడవలసినదే మెరుగైన సాధనాలతో ఉంది. ఆ తేడాను మనుషుల ప్రాణాలతో పూడ్చారు. అందులో మా ఇంటి ప్రాణం ఒకటి.

రాత్రి తొమ్మిది కావస్తుండగా హంగోర్ మొదట కృపాణ్ మీదికి టార్పెడో వదిలింది. అది పేలలేదు. రెండోది ఖుక్రీకి తగిలింది. ఓడ రెండు మూడు నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. 67 మంది బతికారు. వాళ్లు రాత్రంతా నీళ్లలో గడిపారు. మర్నాడు కృపాణ్‌తో పాటు కచ్చల్ అనే ఓడ వచ్చి ఎత్తుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక యుద్ధంలో మనం పోగొట్టుకున్న యుద్ధనౌక అదొక్కటే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జలాంతర్గామి దెబ్బకు మునిగిన మొదటి యుద్ధనౌక కూడా అదేనంటారు.

కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్టు ఇంకొకరికి ఇచ్చేసి, ఓడను వదలకుండా దానితోనే వెళ్లిపోయారు. మహావీరచక్ర ఇచ్చారు. ఆయన పేరు తలుచుకుంటే నేను ఇప్పటికీ చేతులు జోడిస్తాను. మా అన్నయ్య ఉత్తరాల్లో "మా కెప్టెన్ సాబ్ పెద్దమనిషి" అని రెండుసార్లు రాశాడు. అలాంటి మనిషి కింద పనిచేశాడన్న తృప్తి నాన్నకు చివరిదాకా ఉండేది.

మా అన్నయ్య స్టోకరు. అంటే బాయిలర్ గదిలో. ఖుక్రీ ఆవిరితో నడిచే ఓడ. బాయిలర్ గది ఓడ అడుగున, నీటిమట్టానికి కింద ఉంటుంది. అక్కడి నుంచి పైకి రావడానికి నిలువు ఇనుప నిచ్చెన, ఇరుకైన హాచ్. దెబ్బ తగిలి కరెంటు పోయిన ఓడలో, పక్కకు ఒరుగుతున్న నిచ్చెన మీద రెండు నిమిషాలు. ఇంతకన్నా ముందుకు నా ఆలోచన ఎప్పుడూ పోలేదు, పోనివ్వను.

పంచాంగం తీసి చూశాను. ఆ రాత్రి మార్గశిర బహుళాష్టమి. అష్టమి చంద్రుడు అర్ధరాత్రి గానీ రాడు. ఓడల మీద దీపాలు ఉండవు, యుద్ధకాలం. పైకి వచ్చి నీళ్లలో పడినవాళ్లకు కూడా ఒకరికొకరు కనిపించి ఉండరు.

డిసెంబరు 12, ఆదివారం

మొన్న రాసింది మళ్లీ చదివాను. ఓడ గురించి ఉంది, కెప్టెన్ గురించి ఉంది, జలాంతర్గామి గురించి ఉంది. అన్నయ్య గురించి మూడు వాక్యాలు. పుస్తకాల్లోనూ ఇంతే. బాయిలర్ గదిలోని కుర్రవాడి గురించి రాయడానికి పుస్తకాలకు ఏం దొరుకుతుంది? చెప్పగలిగిన తోటివాళ్లు వాడితోనే పోయారు. మిగిలింది ఇంట్లోవాళ్లం. నాన్న 1979లో, అమ్మ 1996లో పోయారు. తమ్ముడికి అప్పుడు ఏడేళ్లు, వాడికి అన్నయ్య తెచ్చే బిస్కట్ల డబ్బా తప్ప ఏమీ గుర్తు లేదు. కాబట్టి నేను రాయాలి.

1966లో, పదహారు నిండుతుండగా, అన్నయ్య విశాఖపట్నంలో బాయ్స్ ఎంట్రీకి ఎంపికయ్యాడు. అప్పట్లో ఆ శిక్షణ విశాఖలోనే, ఐ.ఎన్.ఎస్. సర్కార్స్‌లో ఉండేది, ఐ.ఎన్.ఎస్. చిల్కాకు మారింది 1980లో. తర్వాత లోణావలాలో ఐ.ఎన్.ఎస్. శివాజీలో ఇంజను పని నేర్పారు. కొండల మధ్య ఓడ పని నేర్పడమేమిటని నాన్నకు ఒకటే ఆశ్చర్యం.

ఎందుకు వెళ్లాడు? దేశభక్తి అని స్కూల్లో చెప్పేదాన్ని. అది ఉంది, అబద్ధం కాదు. కానీ మొదట ఉన్నది ఎకరంన్నర మెట్ట, రెండేళ్ల కరువు, ముగ్గురు పిల్లలు. నెలనెలా వచ్చే మనియార్డరుతోనే నేను హైస్కూలుకు వెళ్లాను, ఆడపిల్లకు చదువెందుకని ఊరంతా అంటున్నా. "చెల్లిని మాన్పించొద్దు" అని ప్రతి ఉత్తరం చివర ఉండేది. నేను టీచరునయ్యానంటే అది బాయిలర్ గది వేడిలో వచ్చిన జీతం.

సెలవు మీద వస్తే మనిషి మారిపోయి వచ్చేవాడు. గట్టిగా మాట్లాడేవాడు. పక్కన కూర్చున్నవాళ్లతో కూడా అరిచినట్టే. "ఊరంతటికీ ఇనపడతంది, మెల్లగా మాటాడరా" అని అమ్మ కసిరేది. ఆ హోరులో నాలుగేళ్లు పనిచేసిన చెవులవి. ముంజేతుల మీద చిన్నచిన్న కాలిన మచ్చలు, వేడి గొట్టాలు తగిలి. నేల మీద పీట వేసుకుని అన్నం తింటూ కూడా ఎడమచేత్తో కంచం అంచు పట్టుకునేవాడు. ఓడ ఊగేటప్పుడు కంచం జారిపోకుండా పట్టుకునే అలవాటు, ఊళ్లోకీ వచ్చేసింది. గబగబా తినేసేవాడు. నాలుగు గంటలు నిద్రపోయి లేచి కూర్చునేవాడు, అర్ధరాత్రయినా సరే. నాలుగు గంటల వాచ్ ఒంట్లోకి ఎక్కిపోయింది. లేచి ఊరికే ఉండలేక నుయ్యి గిలక విప్పి నూనె పెట్టి మళ్లీ బిగించేవాడు. మా ఇంటి గిలక ఊళ్లో అన్నిటికన్నా నునుపుగా తిరిగేది.

ముడులు నేర్పాడు నాకు. వాటిలో బౌలైన్ అన్నది ఎంత బరువు వేసినా బిగుసుకోదు, కావాలనుకున్నప్పుడు తేలిగ్గా ఊడివస్తుంది. "స్టోకరుకు ఈ ముడి అక్కర్లేదు చెల్లీ, అయినా నేవీవాడు ఇది రాదంటే సిగ్గు" అన్నాడు. దండెం తాడుకు ఇప్పటికీ అదే వేస్తాను.

చివరిసారి వచ్చింది ఆ ఏడు ఊడ్పులప్పుడు. ఆకు తీయడానికి మడిలోకి దిగి, బురదలో కాలు జారి పడితే కూలివాళ్లు నవ్వారు. "నీళ్ల మీద ఉద్యోగం చేసి మడిలో పడిపోనావేట్రా" అని. వాడూ నవ్వాడు. వెళ్లేరోజు బస్సు దాకా నేను సంచి మోశాను. ప్రత్యేకంగా ఏమీ అనలేదు. మళ్లీ సంక్రాంతికి వస్తానన్నాడు, సెలవు దొరికితే.

డిసెంబరు 16, గురువారం

1971లోనూ ఇది లక్ష్మివారమే. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన రోజు. దేశమంతా పండుగ.

మాకు టెలిగ్రాం అంతకు మూడు రోజుల ముందు, సోమవారం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. పోస్టుమాస్టరు గారే స్వయంగా వచ్చారు, నాన్నను అరుగు మీద కూర్చోబెట్టి, చదివి, మెల్లగా చెప్పారు. ఓడ మునిగింది, మీవాడు దొరకలేదు, మరణించినట్టు భావిస్తున్నాం. అమ్మ ఏడవలేదు. "దొరకలేదు అన్నారా, పోయాడు అన్నారా?" అని అడిగింది. పోస్టుమాస్టరు గారు తలదించుకున్నారు. "అయితే ఉన్నాడు. ఆడు వంశధార వరదలో ఈదినోడు" అంది. ఆ మాట మీద పన్నెండేళ్లు బతికింది.

విజయం వార్త వచ్చాక హైస్కూలు పిల్లలు జెండాలు పట్టుకుని ఊరేగింపు తీశారు. జై జవాన్ అని కేకలు పెడుతూ మా వీధిలోకి రాగానే ఒక్కసారి ఆపేశారు. మా ఇల్లు దాటేదాకా చప్పుడు లేకుండా నడిచారు. ఎవరు చెప్పారో ఆ పిల్లలకు. ఈ ఊరికి నేను యాభై ఏళ్లుగా రుణపడి ఉన్నది దానికే.

1972లో ఖైదీలను వదిలిపెడుతున్నారని రేడియోలో వచ్చినప్పుడల్లా అమ్మ నన్ను పేపరు తెప్పించి చదవమనేది. శత్రువు ఓడ ఏదైనా ఎత్తుకుని ఉండొచ్చు కదా, పేరు సరిగ్గా రాసుకుని ఉండరు, తెలుగు పేరు వాళ్లకేం తెలుసు. ఇలా ఏదో ఒక దారి వెతికేది. జలాంతర్గామి ఎవరినీ ఎత్తుకోదని నాన్న ఒకసారి చెప్పబోయాడు. ఆమె చూసిన చూపుకు మళ్లీ నోరెత్తలేదు.

కర్మ చేయనివ్వలేదు. పురోహితుడు గారు మంచివారు, తొందరపెట్టలేదు. జాడ తెలియనివారికి పన్నెండేళ్లు చూడమని శాస్త్రం, చూద్దాం అన్నారు. 1983 మార్గశిరంలో ఆమే కబురు పెట్టింది, చేయించండని. అప్పటికి నాన్న లేడు. దర్భలతో మనిషి ఆకారం కట్టి, కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోట తమ్ముడి చేత దహనం చేయించారు. వాడికి పంతొమ్మిదేళ్లు, అన్నయ్య పోయినప్పటి కన్నా చిన్నవాడు. అన్నయ్య పోయింది ఆ సముద్రంలో కదా, ఇది ఈ సముద్రం అని నేనేదో అన్నాను. "నీరంతా ఒక్కటే. సోషల్ పాఠం నాకు చెప్పకు" అంది అమ్మ. నిజమే, పాఠంలో కూడా అంతే ఉంది.

డిసెంబరు 24, శుక్రవారం

పేపర్లో చూశాను. నిన్న సాయంత్రం విశాఖపట్నంలో రెండో ఖుక్రీని సర్వీసు నుంచి తప్పించారు.

ముంబయి మజగావ్ డాక్‌లో కట్టి 1989లో దళంలో చేర్చుకున్న క్షిపణి నౌక ఇది, మునిగిన ఓడ పేరే పెట్టారు. ఆ ఏడు ఆగస్టు 23న దాన్ని దళంలో చేర్చుకున్న సభలో రక్షణమంత్రి కె.సి.పంత్‌తో పాటు కెప్టెన్ ముల్లా గారి భార్య సుధ గారు కూడా ఉన్నారు. భర్తను తీసుకుపోయిన పేరును మళ్లీ నీళ్లమీదికి పంపడానికి ఆమె వచ్చి నిలబడ్డారు. ఆ వార్త అప్పట్లో అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మళ్లీ ఆ పేరే పెట్టారా, మంచిపని" అంది.

ముప్పైరెండేళ్లు తిరిగింది ఆ ఓడ. ఆరు లక్షల నలభై వేల నాటికల్ మైళ్లకు పైగా. చివరికి మన విశాఖలోనే, నిన్న సూర్యాస్తమయం వేళ, జెండాలు దించారు. నీళ్లలో మునగకుండా, ఒడ్డుకు చేరి విశ్రాంతి తీసుకున్న ఖుక్రీ ఇది. తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, చూశావా" అన్నాడు. చూశానన్నాను. ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు గానీ ఫోను పెట్టడానికి ఇద్దరికీ మనసొప్పలేదు.

డిసెంబరు 27, సోమవారం

ఇవాళ అన్నయ్య తిథి. తమ్ముడూ మరదలూ నిన్న రాత్రే వచ్చారు. తద్దినం మధ్యాహ్నానికి ముగిసింది. అన్నయ్యకు పనసపొట్టు కూర ఇష్టం. ఇది పనస రోజులు కాదు, అరటికాయ వండాను.

మేనల్లుడు హైదరాబాదు నుంచి వీడియో కాల్‌లో చూశాడు. వాడు ఆమధ్య దిల్లీలో జాతీయ యుద్ధ స్మారకానికి వెళ్లాడు. 2019లో కట్టింది. త్యాగచక్రంలో గ్రానైటు పలకల మీద పాతిక వేలకు పైగా పేర్లు చెక్కారు. ర్యాంకు, పేరు. వాడు పెద్దనాన్న పేరు వెతికి పట్టుకుని, పలక మీద చెయ్యి వేసి ఫొటో దిగి పంపాడు. ఆ ఫొటోలో పేరుకు ఒక పక్కన పంజాబీ పేరు, మరో పక్కన మలయాళీ పేరు. ఆ ఇద్దరి ఇళ్లలోనూ నాలాంటి చెల్లెలు ఎవరైనా ఉండే ఉంటుంది.

డయ్యూకు నేను, మా ఆయన ఒకసారి వెళ్లాం. చక్రతీర్థం దగ్గర గుట్ట మీద, సముద్రానికి ఎదురుగా, గాజు గదిలో ఖుక్రీ నమూనా ఉంది. ఓడ అడుగు భాగం ఎక్కడుందో చూశాను. బాయిలర్ గది ఎక్కడుంటుందో అక్కడి కాపలాదారును అడిగితే, పాపం, ఆయనకు తెలియదు. అయినా కాసేపు నాతో కలిసి వెతికాడు. ఓడ మునిగిన చోటు అక్కడి నుంచి నలభై మైళ్ల అవతల. గుట్ట మీద నుంచి ఏమీ కనబడదు. వెళ్లినందుకు మంచిదైంది. అమ్మను తీసుకెళ్లే వీలు ఆమె ఉండగా కలగలేదు, ఆ లోటు మాత్రం తీరలేదు.

2022 జనవరి 18, మంగళవారం

ఎదురింటి కుర్రవాడు నేవీకి సెలెక్టయ్యాడు. చిల్కాలో చేరాలట. వాళ్లమ్మ వాణ్ణి తీసుకొచ్చి కాళ్లకు దండం పెట్టించింది. "మీ ఇంట్లో మనిషి చేసిన ఉద్యోగం పిన్నీ, మీ దీవెన ఉండాలి" అంది. ఆ మాట అంటూనే భయపడింది, ఏమైనా తప్పుగా అన్నానేమో అని.

తప్పేమీ లేదు. మనస్ఫూర్తిగానే దీవించాను. మా జిల్లాలో ప్రతి ఊళ్లోనూ సైన్యానికి వెళ్లినవాళ్లు ఉన్నారు, వెళ్తూనే ఉంటారు. వెళ్లొద్దనడానికి నేనెవర్ని? నా చదువు అలా వచ్చినదే. వాణ్ణి కూర్చోబెట్టి బౌలైన్ ముడి వేసి చూపించాను. యూట్యూబులో చూసి ముందే నేర్చుకున్నానన్నాడు. వేసి చూపించాడు, నాకన్నా వేగంగా. సంతోషమైంది.

వాళ్లమ్మను ఆగమని ఒక మాట చెప్పాను. వాడు సెలవు మీద వచ్చినప్పుడు ఏం తిన్నాడు, ఏం చెప్పాడు, ఎవరితో తిరిగాడు, ఓడ మీద ఏ పని చేస్తాడు, దేనికి నవ్వాడు, ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకో అన్నాను. ఆమె కంగారుపడబోయింది. అపశకునం కాదమ్మా, వాడు కమీషను పొంది ముసలివాడై పెన్షను తీసుకుంటూ ఆ పుస్తకం చదువుకుంటాడు, అందుకు అన్నాను. అలాగే జరగాలని దేవుణ్ణి కోరుకుంటున్నాను.

జనవరి 27, గురువారం

నిన్న గణతంత్ర దినం నాడు రెండో ఖుక్రీని డయ్యూ పాలనా యంత్రాంగానికి అప్పగించారు. విశాఖ నుంచి సముద్రం చుట్టి డయ్యూ తీరానికి చేర్చారట. అక్కడ మ్యూజియంగా ఉంచుతారు. మంచి నిర్ణయం. గాజు గదిలో నమూనా వేరు, పిల్లలు లోపలికి దిగి నిచ్చెన పట్టుకుని చూడగల ఓడ వేరు. ఎంత ఇరుకో, ఎంత లోతో చేతికి తెలుస్తుంది. మ్యూజియంలో కెప్టెన్ చిత్రం తప్పక ఉంటుంది, ఉండాలి. దాని పక్కన 18 మంది అధికారులు, 176 మంది నావికులు, ఒక్కొక్కరి ఊరు, ఒక్కొక్కరి పని, ఇంట్లోవాళ్లు చెప్పిన రెండు మాటలు కూడా పెడితే ఆ ఓడ నిండుతుంది. స్టోకరు, వంటవాడు, సిగ్నల్ కుర్రవాడు, అందరూ ఆ రాత్రి ఒకే నీళ్లలో పోయారు.

మన వైపు నుంచి ఈ పని ఎవరైనా తెలుగులో మొదలుపెట్టాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో యుద్ధాల్లోనూ సర్వీసులోనూ పోయిన నావికుల ఇళ్లకు వెళ్లి అడగాలి. 1971లో పదేళ్లు దాటిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడు అరవై దాటారు. గుర్తున్నది చెప్పడానికి మాకు ఎక్కువ కాలం లేదు. నా మటుకు నేను ఈ పుటలు తమ్ముడికి ఇస్తున్నాను, వాడు కొడుక్కి ఇస్తాడు. మీ ఇంట్లో ఇలాంటివాడు ఒకడుంటే, ఫొటో వెనక పేరూ తేదీలతో ఆపేయకండి. వాడెలా మాట్లాడేవాడో కూడా రాయండి.